బేరం చేసినవాళ్లు, నష్టం మోసినవాళ్లు
(వార్షిక సభలో దాతల సమక్షంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏడూ ఈ సభలో జమాఖర్చులు చదివి వినిపిస్తాం. విద్యార్థి వేతనాలు ఎందరికి ఇచ్చామో, ఎన్ని కుట్టుమిషన్లు పంచామో చెబుతాం. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో అచ్చయ్యాయి, దయచేసి చూడండి. ఈ సంవత్సరం దాతల్లో కొందరు పెద్దలు మమ్మల్ని ఒక మాట అడిగారు. "రోజులు మారుతున్నాయి. వ్యాపారం చేసుకునేవాళ్లం, నాలుగు డబ్బులు ఉన్నవాళ్లం, రాజకీయం మారేటప్పుడు మన బాధ్యత ఏమిటి? ముందుకొచ్చి మాట్లాడాలా? మన పని మనం చూసుకోవాలా?" అన్నారు. జవాబు వెతుకుతూ మేము మన గడ్డ మీదే జరిగిన ఒక కథను మళ్లీ చదివాం. 1947, 48లలో హైదరాబాదు సంస్థానం ఏమయిందన్న కథ అది. మా ఇళ్లలో "పోలీస్ యాక్షన్" అనే మాట వినపడగానే పెద్దలు మాట మార్చేవారు. ఇప్పుడు ఆ పెద్దలు చాలామంది లేరు. ఇంకా మాట మార్చుకుంటూ పోతే ఆ కథలోని పాఠం కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది.

దానికి ముందు మరో ఘటన గుర్తు చేసుకుందాం. వ్యాపారి రాయబారిగా వెళ్తే ఎలా ఉండాలో మనకు అక్కడే ఒక కొలత దొరుకుతుంది.

హిజ్రీ 6వ సంవత్సరం. దైవప్రవక్త (స) ఉమ్రా కోసం అనుచరులతో మక్కా వైపు బయలుదేరారు. ఖురైషీలు అడ్డుకున్నారు. హుదైబియా దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. యుద్ధానికి రాలేదని మక్కావాళ్లకు చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ పని మీద వెళ్లింది హజ్రత్ ఉస్మాన్ (రజి). ఆయన పెద్ద వర్తకుడు. మక్కాలో బంధుబలం, పలుకుబడి ఉన్నవారు. మదీనాలో రూమా బావిని సొంత డబ్బుతో కొని అందరూ ఉచితంగా నీళ్లు తోడుకునేలా వదిలేసిన దాత. మక్కావాళ్లు ఆయనతో, "మీరొక్కరూ కాబా చుట్టూ తవాఫ్ చేసుకోవాలంటే చేసుకోండి" అన్నారు. ప్రవక్త (స) చేయనిదే తాను చేయనని ఉస్మాన్ (రజి) చెప్పేశారు. బయట ఆగిపోయినవాళ్లకు దక్కనిది లోపలికి వెళ్లిన తనకు మాత్రం ఎందుకని ఆయన భావం.

తర్వాత కుదిరిన ఒడంబడిక చాలామంది సహాబాలకు నచ్చలేదు. ఆ ఏడు ఉమ్రా చేయకుండానే వెనక్కి వెళ్లాలి, మరుసటి ఏడు వచ్చి మూడు రోజులు ఉండవచ్చు. పత్రం మీద "అల్లాహ్ ప్రవక్త" అన్న మాట తీసేసి "అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్" అని రాయాలన్నారు. ప్రవక్త (స) అందుకూ ఒప్పుకున్నారు. చూసేవాళ్లకు తగ్గినట్టే కనిపించింది. కానీ పదేళ్ల శాంతి మాట దొరికింది, నెత్తురు చిందలేదు, రెండేళ్లకే మక్కా తలుపులు తెరుచుకున్నాయి. తన వెనుక ఉన్న జనం ప్రాణాలు కాపాడటానికి పేరు దగ్గర తగ్గడం ఓటమి కాదని హుదైబియా మనకు నేర్పింది.

ఈ కొలతతో ఇక హైదరాబాదుకు వద్దాం.

1947 ఆగస్టు నాటికి హైదరాబాదు దేశంలోకెల్లా పెద్ద సంస్థానాల్లో ఒకటి. కోటీ అరవై లక్షల పైచిలుకు జనాభా. అందులో ముస్లింలు నూటికి సుమారు 13 మంది. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడే జిల్లాలు. నాలుగు వైపులా భారత భూభాగమే, సముద్రం లేదు, రేవు లేదు. సొంత రైలు, సొంత తపాలా, సొంత నాణెం ఉండేవి. హాలీ సిక్కా రూపాయలు 7 ఇస్తే బ్రిటిష్ ఇండియా రూపాయలు 6 వచ్చేవని మన పెద్దలు లెక్క చెప్పేవారు. సింగరేణి బొగ్గు, వరంగల్ అజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర, సిర్పూరు కాగితం, చార్మినార్ సిగరెట్టు ఇవన్నీ ఆ రాజ్యంలోనివే. అయితే ఆ బొగ్గూ బట్టా చక్కెరా అమ్ముడుపోవాలన్నా, యంత్రాలకు నూనె రావాలన్నా పొరుగు దేశంతో సఖ్యత ఉండాల్సిందే. ఈ సంగతి ఆనాటి వ్యాపారులకు అందరికంటే బాగా తెలుసు.

ఆ వ్యాపారుల్లో ముందు వరసలో ఉన్నవారు మీర్ లాయఖ్ అలీ. ఇంజనీరు, పారిశ్రామికవేత్త. సిర్పూరు కాగితం మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వంటి పెద్ద పరిశ్రమలతో ఆయన పేరు ముడిపడి ఉండేది. చేతిలోకి తీసుకున్న పని పూర్తిచేసే మనిషిగా పేరు. 1947లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన పాకిస్తాన్ ప్రతినిధి బృందంలోనూ ఆయన ఉన్నారు. అలాంటివారిని ఆ ఏడాది చివర నిజాం సదర్-ఎ-ఆజంగా, అంటే ప్రధానిగా నియమించారు. ఆయన మొదట వెనుకాడారు, తర్వాత ఒప్పుకున్నారు. ఆయనను నిందించడం మా ఉద్దేశం కాదు. తెలివి, చదువు, అనుభవం ఉన్న మనిషి కూడా ఎక్కడ తడబడ్డాడో తెలుసుకోవడమే మాకు కావలసింది.

ఆయన ఆ కుర్చీలోకి వచ్చిన తీరు కూడా గమనించాలి. అంతకుముందు ప్రధాని నవాబ్ ఛత్తారీ, నిజాం న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ ఢిల్లీతో ఒక యథాతథ ఒప్పందం దాదాపు కుదిర్చారు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పిలుపుతో వేల మంది వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. బృందం ఢిల్లీకి బయలుదేరలేకపోయింది. ఛత్తారీ తప్పుకున్నారు. ఇత్తెహాద్ నాయకుడు ఖాసిం రజ్వీ, లాతూరు వకీలు. వీధిలో గుంపును నిలబెట్టి గదిలో బేరం నడిపించడం ఆ రోజుతో మొదలయింది. అప్పటి నుంచి ప్రధాని కుర్చీలో ఎవరు కూర్చున్నా వీధి వైపు చూడకుండా సంతకం పెట్టలేని పరిస్థితి వచ్చింది.

నవంబర్ 29న ఒక ఏడాదికి యథాతథ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఏడాది గడువంటే మాటలా? నిదానంగా మాట్లాడుకుని గౌరవంగా తేల్చుకోవడానికి అది చాలు. కానీ కొద్ది వారాలకే రెండు పనులు ఢిల్లీకి అనుమానం తెప్పించాయి. భారత రూపాయి సంస్థానంలో చెల్లదంటూ ఆర్డినెన్సు వచ్చింది. భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉన్న 20 కోట్ల రూపాయలను హైదరాబాదు పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. హైదరాబాదు దృష్టిలో అది ఆర్థిక లావాదేవీ. ఒప్పందం ఉన్నంత కాలం ఆ బాండ్లు మార్చుకోవద్దని పాకిస్తాన్‌కు చెబుతామని లాయఖ్ అలీ సర్దిచెప్పారు కూడా. వ్యాపార లెక్కలో అది చెల్లే జవాబే కావచ్చు. రెండు కొత్త దేశాలు కశ్మీరులో పోరాడుతున్న సమయంలో ఒక దేశం కాగితాలతో రెండో దేశానికి అప్పివ్వడం ఎవరికైనా లావాదేవీలా కనిపిస్తుందా? డబ్బు లెక్క సరిపోయింది, నమ్మకం లెక్క తప్పింది.

ఇక 1948లో ఆయుధాల వేట మొదలయింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు రాత్రుళ్లు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించాడు. మరోపక్క సరిహద్దుల్లో సరుకు ఆగిపోయింది. పెట్రోలు, ఉప్పు, మందుల కొరత వచ్చింది. మేడల్లో ఉన్నవాళ్లకు నిలవలున్నాయి. కొరత తగిలింది పల్లెల్లో దీపానికి కిరసనాయిలు కొనుక్కునేవాళ్లకు.

అయినా జూన్‌లో తలుపు ఇంకా తెరిచే ఉంది. మౌంట్‌బాటన్ దేశం విడిచి వెళ్లేముందు ఒక ముసాయిదా తయారయింది. రక్షణ, విదేశాంగం, రవాణా సమాచార విషయాల్లో భారత చట్టాలు వర్తిస్తాయి, విలీనం గురించి ప్రజలను అడగాలి, రజాకార్లను దశలవారీగా రద్దు చేయాలి, బాధ్యతాయుత ప్రభుత్వం రావాలి. అనారోగ్యంతో డెహ్రాడూన్‌లో ఉన్న పటేల్ ఇష్టం లేకపోయినా మౌంట్‌బాటన్ కోసం ఒప్పుకున్నారు. మాంక్టన్ కూడా దీన్ని తీసుకోమనే చెప్పారు. హైదరాబాదు కాదంది. జూన్ 21న మౌంట్‌బాటన్ వెళ్లిపోయారు.

ఎందుకు కాదన్నారు? అంగడిలో కూర్చునే మనకు ఇది బాగానే అర్థమవుతుంది. ఇవాళ ఒక ధర వచ్చింది, ఆగితే రేపు ఇంకొంచెం పలుకుతుందని ఆశ. సరుకు మనదైతే ఆ ఆశ తప్పు కాదు. ధర పడిపోతే నష్టం మన జేబుకే కాబట్టి ఆగే హక్కూ మనదే. ఇక్కడ తక్కెడలో ఉన్నది సరుకు కాదు. జాల్నా, బీదరు, నల్లగొండ, వరంగల్ పల్లెల్లో ఉన్న జనం. ధర పడితే నష్టం వాళ్లది. "ఆగుదామా?" అని వాళ్లను ఎవరూ అడగలేదు. లాయఖ్ అలీ చేసిన పెద్ద తప్పు ఏదంటే మేము ఇదే చెబుతాం. ఇతరుల ప్రాణాలు తక్కెడలో పెట్టి, సొంత సరుకున్నవాడి ఓపికతో బేరం చేశారు.

"హెచ్చరించేవాళ్లు లేరా?" అని మీరు అడగవచ్చు. ఉన్నారు, అందులోనూ ముస్లింలే ఉన్నారు. మైసూరులో పరిశ్రమలు పెట్టించి పేరు తెచ్చుకున్న సర్ మీర్జా ఇస్మాయిల్ 1946లో హైదరాబాదుకు ప్రధానిగా వచ్చారు. ఢిల్లీతో సఖ్యంగా ఉండాలన్నది ఆయన మాట. ఏడాది తిరగకముందే ఇత్తెహాద్ ఒత్తిడితో తప్పుకోవాల్సి వచ్చింది. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల దౌర్జన్యం ఆపాలని, భారత్‌తో కలవాలని బహిరంగంగా ప్రకటన చేశారు. వాళ్లలో ఉద్యోగం వదులుకున్న తహసీల్దారు ఫరీద్ మీర్జా ఒకరు. "ఇమ్రోజ్" పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ అదే మాట రాశారు. ఆగస్టులోనే ఒక రాత్రి ఇంటికి వెళ్తుండగా ఆయనను దారికాచి చంపేశారు. ఆయన వయసు ముప్పై కూడా దాటలేదు. డబ్బున్న పెద్దలు ఆ రోజుల్లో ఈ గొంతుల పక్కన నిలబడి ఉంటే చరిత్ర మారిపోయేదని మేము ప్రమాణం చేసి చెప్పలేం. కానీ నిలబడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే అన్నది మాత్రం నిజం.

రజాకార్ల చేతుల్లో నలిగిన పల్లెల గురించి చెప్పకుండా ముందుకు వెళ్తే మేము సగం కథే చెప్పినవాళ్లమవుతాం. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న జరిగిన మారణకాండ తెలంగాణ మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా. ఇస్లాం పేరు చెప్పుకుని చేసిన ఆ పనిలో ఇస్లాం లేదు. పొరుగువాడి మీద పడ్డవాడు మన పేరు పెట్టుకున్నంత మాత్రాన మనవాడు కాడు. ఈ మాట మనం మన సభలోనే, మన నోటితోనే అనాలి.

సెప్టెంబరు వచ్చింది. అప్పటికే హైదరాబాదు తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి పంపింది. ఆర్థిక, విదేశాంగ వ్యవహారాలు చూసే మొయిన్ నవాజ్ జంగ్, లాయఖ్ అలీకి దగ్గర బంధువు, బృందాన్ని తీసుకుని పారిస్ వెళ్లారు. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 16న పారిస్‌లో మండలి సమావేశమయింది. ఫిర్యాదును చర్చకు తీసుకోవాలా అని ఓటింగు పెడితే అనుకూలంగా 8, వ్యతిరేకంగా ఎవరూ లేరు, తటస్థంగా 3. కాగితం మీద అది గెలుపే. మరుసటి రోజు, 17న, లాయఖ్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. తర్వాత నిజాం ఆ ఫిర్యాదును వెనక్కి తీసుకున్నారు. ఏడాది పాటు సాగిన దౌత్యం అయిదు రోజుల్లో ముగిసింది.

ఆ తర్వాత ఎవరికి ఏమయిందో చూడండి. నిజాం రాజప్రముఖ్ అయ్యారు. లాయఖ్ అలీ గృహనిర్బంధంలో ఉండి 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరారు, తన వైపు కథను పుస్తకంగా రాశారు. రజ్వీ జైలు శిక్ష అయ్యాక 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. మొయిన్ నవాజ్ జంగ్ తిరిగి రాలేదు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు. పల్లెల్లో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తారు?

నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు జిల్లాలు తిరిగారు. వాళ్ల నివేదిక చాలా ఏళ్ల దాకా జనం చేతికి రాలేదు. సైనిక చర్య సమయంలోనూ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయి ఉంటాయని వాళ్లు అంచనా వేశారు. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. చేసింది ఎక్కువగా గుంపులని, కొన్నిచోట్ల యూనిఫాంలో ఉన్నవాళ్ల పాత్ర కూడా ఉందని రాశారు. రజాకార్లు అంతకుముందు చేసిన దౌర్జన్యాన్నీ దాచలేదు.

ఆ నివేదికలో లాతూరు గురించి ఉన్న మాటలు వ్యాపారం చేసుకునే మనం ప్రత్యేకంగా చదవాలి. లాతూరు పెద్ద వర్తక కేంద్రం, సంపన్నులైన కచ్చీ ముస్లిం వర్తకులుండే ఊరు. రజ్వీ ఊరు కూడా అదే. అక్కడ ఇరవై రోజులకు పైగా హత్యలు సాగాయని, దాదాపు పదివేల ముస్లిం జనాభాలో తాము వెళ్లేసరికి మూడు వేలమంది మాత్రమే మిగిలారని వాళ్లు రాశారు. వేయిమందికి పైగా చనిపోయారు, మిగతావాళ్లు ఊరు విడిచి పారిపోయారు. వాళ్ల ఊరి నాయకుడి మాటకు రాజ్యమంతా విలువ ఉండేది. కష్టకాలంలో ఆ మాట వాళ్ల దుకాణం తలుపు కూడా కాపాడలేదు.

అదే నివేదికలో మరో సంగతి ఉంది. ఈ ప్రసంగం సిద్ధం చేయడానికి మమ్మల్ని కూర్చోబెట్టింది నిజానికి అదే. చాలాచోట్ల హిందువులు తమ పొరుగు ముస్లింలను కాపాడారని, ప్రాణాలకు తెగించి కాపాడారని వాళ్లు రాశారు. ముఖ్యంగా ఒకే వృత్తి చేసుకునేవాళ్ల మధ్య ఆ అభిమానం బలంగా ఉందట. హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్ల వైపు నిలబడ్డారు. ఎత్తుకుపోయిన ఆడపిల్లలను వెతికి తేవడంలో కూడా తోటి హిందువులు సాయపడ్డారు.

మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఏ ఒడంబడిక రాసుకున్నారు? నూలు తక్కువైతే ఒకరికొకరు అప్పిచ్చుకున్నారు. సంతకు బట్ట కలిసి మోసుకెళ్లారు. ఒకరి ఇంట్లో పెళ్లికి మరొకరు పందిరి వేశారు. పారిస్ నుంచి రాని రక్షణ పక్క మగ్గం నుంచి వచ్చింది.

ఇక డబ్బు కథ. సైన్యానికి హైదరాబాదు లొంగిపోయిన మూడు రోజులకు, 1948 సెప్టెంబరు 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వ ఖాతాలో ఉన్న 10 లక్షల 7 వేల 940 పౌండ్ల 9 షిల్లింగులు మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశంతో పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ రహీంతూలా పేరుకు మారాయి. తన అనుమతి లేకుండా మార్చారని, వెనక్కి ఇవ్వాలని నిజాం కోరారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. కేసు బ్రిటిష్ ప్రభువుల సభ దాకా వెళ్లింది, 1957లో అక్కడా తేలలేదు. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి అది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. భారత్‌కు, నిజాం మనవళ్లకు చెందుతుందని తేలింది.

71 సంవత్సరాలు ఆ డబ్బు బ్యాంకులోనే పెరిగింది. 1948 చలికాలంలో ఇల్లు కాలిపోయి కట్టుబట్టలతో పట్నం చేరిన కుటుంబాలకు అందులోంచి ఒక్క దుప్పటి కూడా రాలేదు. ఉద్యోగం పోయిన సిపాయి కొడుకు బడికి వెళ్లలేదు, రిక్షా తొక్కాడు. ఆ కష్టకాలంలో ఎవరి పెళ్లాం గాజులు అమ్మి పక్కింటి పిల్లలకు గంజి పోసిందో ఏ కోర్టు కాగితంలోనూ ఉండదు. మన తాతలు, నానమ్మలు బతికింది ఆ గంజి మీద.

ఇప్పుడు పెద్దలు అడిగిన ప్రశ్నకు వద్దాం. రాజకీయం మారేటప్పుడు కలిగినవాళ్ల బాధ్యత ఏమిటి?

మొదటిది, మాట్లాడాల్సి వస్తే మాట్లాడాలి, తప్పించుకోకూడదు. కలెక్టరు దగ్గరికైనా, మంత్రి దగ్గరికైనా వెళ్లగలిగేది మీలాంటివారే. కానీ వెళ్లేముందు, "ఈ బేరం చెడితే నష్టం ఎవరిది?" అని ఒక్కసారి అడగండి. నష్టం మీది కాకపోతే, ఎవరిదో వాళ్లను అడిగిన తర్వాతే గడప దాటండి. హజ్రత్ ఉస్మాన్ (రజి)లా, బయట నిలబడ్డవాళ్లకు లేనిది లోపల మీకు ఇస్తామంటే వద్దని చెప్పండి. లైసెన్సు కావచ్చు, పదవి కావచ్చు, శాలువా కావచ్చు.

రెండవది, దుకాణం లెక్కలు ఎంత నిజాయితీగా చూసుకుంటారో సమాజం లెక్కలూ అంతే నిజాయితీగా చూడండి. మన బలం ఎంత, పొరుగువాళ్ల అవసరం ఎంత అన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని మనం ద్రోహి అనకూడదు. షోయబుల్లా ఖాన్‌ను అలాగే అన్నారు. గట్టిగా అరిచేవాడికి చందా ఇచ్చి, నిజం చెప్పేవాడిని ఒంటరిని చేయడం డబ్బుతో చేసే పాపాల్లో ఒకటని మేము నమ్ముతున్నాం.

మూడవది మన సంఘానికి సంబంధించింది, కాబట్టి దాపరికం లేకుండా చెబుతాం. గత సంవత్సరం మా కార్యవర్గంలో ఒక వాదన జరిగింది. వడ్డీ లేని చిన్న అప్పుల పథకానికి మన వీధికి పక్కనే ఉండే పద్మశాలి నేతగాళ్లు, తోపుడుబండ్ల వాళ్లు కూడా అర్జీలు పెట్టుకున్నారు. "మనవాళ్లకే చాలడం లేదు, బయటివాళ్లకు ఎలా?" అని కొందరం అన్నాం. ఆ మాటలో తప్పు లేదు, కొరత నిజమే. రెండు సమావేశాలు గడిచినా తేలలేదు. మూడవ సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "1948లో మా నాయనను మూడు రోజులు ధాన్యం గాదెలో దాచింది కోమటి శెట్టి. అప్పుడాయన మనవాళ్లా బయటివాళ్లా అని అడగలేదు" అని కూర్చున్నారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

అందుకే ఈ సంవత్సరం నుంచి రెండు ఖాతాలు వేరువేరుగా నడపాలని నిర్ణయించాం. జకాత్ ఖాతా జకాత్ నియమాల ప్రకారమే, అర్హులకే, పైసా అటూ ఇటూ కాకుండా నడుస్తుంది. ఉలమాలను అడిగే ఈ ఏర్పాటు చేశాం. రెండవది ఇమ్దాద్ ఖాతా. మీరు సదఖాగా, సాయంగా ఇచ్చే డబ్బు ఇందులో చేరుతుంది. ఇందులోంచి వడ్డీ లేని అప్పు, వైద్య సాయం, బడి ఫీజు ఊళ్లో అవసరం ఉన్న ఎవరికైనా అందుతాయి. హామీ సంతకానికి ఒక నియమం పెట్టాం. ముస్లిం అర్జీదారుకు హిందూ పొరుగువాడు, హిందూ అర్జీదారుకు ముస్లిం పొరుగువాడు హామీ ఉంటే ఆ అర్జీ ముందుగా చూస్తాం. నవ్వుకోకండి, ఇది మేము బాగా ఆలోచించే పెట్టాం. ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడ్డ ఇళ్ల మధ్య గొడవ పెట్టడం ఎవరికీ అంత సులువు కాదు.

దాతలకు మా మనవి ఒక్కటే. ఈ రెండవ ఖాతాకూ చేయి అందించండి. రసీదు మీద ఏ ఖాతాకు ఇస్తున్నారో రాయించుకోండి. ఎవరికి ఎంత వెళ్లిందో వచ్చే సంచికలో అచ్చువేస్తాం. దాచుకున్న డబ్బు ఏ బ్యాంకులో ఎన్నేళ్లు ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. అమానత్‌గా మా చేతికి వచ్చింది మాత్రం మా దగ్గర ఆగదు, ఆగకూడదు. ఆగితే మమ్మల్ని అడిగే హక్కు మీకుంది, రేపు హష్ర్ మైదానంలో అడిగేవాడు ఎలాగూ ఉన్నాడు.

ఆ రోజుల్లో ప్రాణాలు పోయిన అందరినీ, పేరు తెలిసినవాళ్లనూ తెలియనివాళ్లనూ, భైరాన్‌పల్లి వాళ్లనూ లాతూరు వాళ్లనూ, ఈ సభలో ఒకే వరసలో తలచుకుంటున్నాం. పొరుగువాడిని కాపాడబోయి ప్రాణం ఇచ్చిన ఆ నేతగాళ్ల ఊళ్లు చల్లగా ఉండాలి. మన పిల్లలకు అలాంటి పొరుగు దొరకాలి, మన పిల్లలు అలాంటి పొరుగు కావాలి. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక, మన లెక్కలను తేలిక చేయుగాక. ఆమీన్.